బోరు నీళ్లలో బిరుసెక్కిన బట్టలకు వెనిగర్: ఎంత పొయ్యాలి, ఎప్పుడు పొయ్యాలి, ఎక్కడ అస్సలు వద్దు

మీ ప్రశ్న చదివాను. హైదరాబాద్‌లోనే మారేడుపల్లిలో నల్లా నీళ్లు వచ్చే ఇంటి నుంచి నిజాంపేటలో ఫ్లాట్‌కి మారారు. ఇక్కడ బోరు నీళ్లు, ఎండాకాలం వస్తే ట్యాంకర్. ఫ్రంట్ లోడ్ మెషిన్ పాతదే, పౌడర్ పాతదే, అయినా కొన్ని నెలలకే టవళ్లు అట్టముక్కల్లా తయారయ్యాయి. నల్ల కుర్తాల మీద తెల్ల చారలు తేలుతున్నాయి. వానలు మొదలయ్యాక ముక్కిన వాసన కూడా తోడైంది. సాఫ్టెనర్ బదులు వెనిగర్ పొయ్యమని ఒకరు చెప్పారు, అందులో వంటసోడా కూడా కలపమని ఇంకొకరు చెప్పారు, వెనిగర్ పోస్తే మెషిన్ పాడవుతుందని మెకానిక్ అన్నాడు. పెళ్లినాటి పట్టుచీరకి కూడా వాడొచ్చా అని చివర్లో అడిగారు.

నేను చాలా ఏళ్లుగా లాండ్రీ పనిలో ఉన్నాను. ఊళ్లో అన్ని వైపుల నుంచీ బట్టలు వస్తాయి కాబట్టి, చేత్తో పట్టుకుంటే ఏ రకం నీళ్లలో ఉతికారో కొంతవరకు తెలిసిపోతుంది. వెనిగర్ పొయ్యొచ్చా అంటే, పొయ్యొచ్చు. మెషిన్లో అయితే చివరి జాడింపు నీళ్లలో మాత్రమే, కొలిచి మాత్రమే, బ్లీచ్ ఛాయలకు కూడా పోకుండా. అది చేసే పని ఒక్కటే: బట్టలో మిగిలిపోయిన సున్నం లాంటి లవణాన్ని, పౌడర్ తాలూకు క్షారాన్ని వదలగొట్టడం. మురికి వదలగొట్టదు, నూనె తియ్యదు, రంగు నిలపదు, చెప్పుకోదగ్గంతగా క్రిములనూ చంపదు. ఈ ఒక్క పని మీ ఇంట్లో అవసరమేనా అన్నది మీ నీళ్లు చెప్పాలి.

పాత ఇంట్లో మీకు వచ్చిన నల్లా నీళ్లు మంజీర, కృష్ణ, గోదావరి లాంటి నదుల నుంచి శుద్ధి చేసి పంపేవి. వాటిలో గట్టిదనం (హార్డ్‌నెస్), అంటే కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం, తక్కువ. నిజాంపేట, బాచుపల్లి, మియాపూర్ వైపు బోర్లలోది భూగర్భ జలం. వాన నీరు మట్టిలో, రాతి పగుళ్లలో ఇంకుతూ కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని కిందికి దిగుతుంది. ఎంత లోతు బోరు, ఎంత ఎండాకాలం అనేదాన్ని బట్టి అదే వీధిలో రెండు అపార్ట్‌మెంట్ల నీళ్లు వేరుగా ఉంటాయి. తాగునీటికి మన దేశ ప్రమాణం, ఐఎస్ 10500, మొత్తం గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటుంది, వేరే దారి లేనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చంటుంది. తాగడానికి సర్దుకోవచ్చేమో గానీ, 600 ఉన్న నీళ్లు బట్టలకు నరకం.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆర్‌ఓ ఫిల్టర్ మెకానిక్ పెన్ను లాంటి మీటరు ముంచి చూపించే అంకె టీడీఎస్. అది నీళ్లలో కరిగిన మొత్తం లవణాల లెక్క, గట్టిదనం లెక్క కాదు. మీకు కావాల్సింది హార్డ్‌నెస్. ఆన్‌లైన్‌లో టెస్ట్ స్ట్రిప్పులు దొరుకుతాయి, చుక్కల మందుతో చూసే చిన్న కిట్లూ దొరుకుతాయి. ఏదీ లేకపోతే ఒంటి సబ్బు చాలు. సబ్బును సన్నగా తురిమి, చిటికెడు తీసుకుని సగం నీళ్లున్న బాటిల్లో వేసి బాగా ఊపండి. ఒక బాటిల్లో బోరు నీళ్లు, ఇంకో బాటిల్లో ఆర్‌ఓ నీళ్లు. ఆర్‌ఓ దాంట్లో నురగ నిలబడుతుంది. బోరు నీళ్లు పాలరంగు తిరిగి పైన తెల్లటి తెట్టు తేలితే మీ సమస్య గట్టి నీళ్లే. దీనికి షాంపూ, బట్టల లిక్విడ్ వాడకండి, అవి గట్టి నీళ్లలోనూ నురగ ఇస్తాయి, తేడా తెలియదు.

మరి బట్టల్లో జరుగుతున్నదేంటి? మన దగ్గర దొరికే పౌడర్లలో మురికి తీసే పదార్థంతో పాటు వాషింగ్ సోడా గణనీయంగా ఉంటుంది. ఆ సోడాలోని కార్బొనేట్, నీళ్లలోని కాల్షియంతో కలిసి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే సుద్ద. ఆ సుద్ద నీళ్లలో కరగదు, టవల్ పోగుల మధ్య కూర్చుంటుంది. ఉతికిన ప్రతిసారీ ఇంకొంచెం. మురికి పోవట్లేదని మీరు ఇంకో అరకప్పు పౌడర్ ఎక్కువ వేస్తారు, దాంతో సుద్ద ఇంకొంచెం. పైన సాఫ్టెనర్ పోస్తారు, అది పోగుల మీద మెత్తటి పూత పూస్తుంది, పట్టుకుంటే బాగుంటుంది, కానీ ఆ పూతతో టవల్ నీళ్లు పీల్చడం మానేస్తుంది. నల్ల కుర్తా మీద చారలూ ఇదే సరుకు, నల్లటి దాని మీద కనబడుతోంది అంతే.

వెనిగర్ అంటే నీళ్లు, అందులో ఎసిటిక్ ఆమ్లం. కిరాణా షాపుల్లో దొరికే తెల్ల వెనిగర్‌లో సాధారణంగా 4 నుంచి 5 శాతం. ఈ ఆమ్లం సుద్దను కరిగిస్తుంది. మీ కళ్లతో చూడాలంటే బాత్‌రూమ్ కుళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకున్న గారె ఉంటుంది కదా, గోటితో ఒక పలుకు గీకి స్పూన్‌లో వేసి దాని మీద నాలుగు చుక్కల వెనిగర్ వెయ్యండి. సన్నగా బుడగలు లేస్తాయి. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. టవల్లో ఉన్నదీ అదే సరుకు.

ఇక కొలత. ఇంటర్నెట్ అంతా "అరకప్పు పొయ్యండి" అని రాసేసి వదిలేస్తారు. ఏ నీళ్లలో, ఎన్ని లీటర్లలో అన్నది చెప్పకపోతే అరకప్పుకు అర్థం లేదు. 100 మిల్లీలీటర్ల 5 శాతం వెనిగర్‌లో 5 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. అది దాదాపు 4 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సరిపోతుంది. గట్టి నీళ్లలో గట్టిదనంతో పాటు క్షారత, అంటే ఆమ్లాన్ని రద్దు చేసే బైకార్బొనేట్ లాంటి లవణాలు, కూడా ఉంటుంది, ఆమ్లాన్ని ముందుగా తినేసేది అదే. బోరు నీళ్లలో క్షారత, కాల్షియం కార్బొనేట్ లెక్కలో, లీటరుకు 300 మిల్లీగ్రాములు అనుకోండి. ఫ్రంట్ లోడ్ మెషిన్ ఒక జాడింపుకు సుమారు 15 లీటర్లు తీసుకుంటే, ఆ నీళ్లలోనే నాలుగున్నర గ్రాముల పని ఉంది. అంటే మీరు పోసిన 100 మిల్లీలీటర్లు నీళ్లకే సరిపోయింది, టవల్లో పాతుకుపోయిన సుద్ద దాకా పోలేదు. కొత్తగా పేరుకోకుండా ఆపుతుంది, అంతవరకే. టాప్ లోడ్ మెషిన్ అయితే ఒక జాడింపుకు 50 లీటర్లు కూడా పట్టొచ్చు. అక్కడ 100 మిల్లీలీటర్లు పోస్తే పోసినట్టూ ఉండదు. అదే లెక్కన దాదాపు 350 మిల్లీలీటర్లు కావాలి, సగం సీసా పైనే. వెనిగర్ వాడాం, తేడా ఏమీ లేదని చెప్పేవాళ్లలో చాలామంది ఇళ్లలో ఉన్నవి బోరు నీళ్లు, టాప్ లోడ్ మెషిన్.

అందుకని పేరుకున్న పాత సుద్దను మెషిన్లో కాకుండా బకెట్లో వదిలించండి. బకెట్లో 5 లీటర్లు గోరువెచ్చటి నీళ్లు, వీలైతే ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి వృథాగా బయటికి పోయేవి కాకుండా మామూలు నీళ్లు (వృథా నీళ్లలో లవణం ఇంకా ఎక్కువ), అందులో 250 మిల్లీలీటర్ల వెనిగర్. రెండు మూడు టవళ్లు ముంచి గంటసేపు ఉంచండి, మధ్యలో ఒకటి రెండుసార్లు పిసకండి. నీళ్లు మసకబారి, పౌడర్ వెయ్యకుండానే నురగ కనబడితే, ఆ నురగ పాత ఉతుకుల్లో మిగిలిపోయిన డిటర్జెంట్. ఆ నీళ్లు పారబోసి, మంచినీళ్లలో జాడించి, తర్వాత మెషిన్లో పౌడర్ సగం వేసి వెచ్చటి నీళ్లతో ఉతకండి. బాగా బిరుసెక్కిన టవళ్లకు రెండుసార్లు చెయ్యాల్సి రావచ్చు. ఆ తర్వాత వారవారం మెషిన్ జాడింపులో వేసుకునేది నిర్వహణకే.

మెషిన్లో ఎక్కడ పొయ్యాలంటే, సాఫ్టెనర్ అరలో. పువ్వు గుర్తు ఉంటుంది దానిమీద, మాక్స్ గీత దాటకుండా. ఆ అర చివరి జాడింపులోనే తెరుచుకుంటుంది, మనకు కావాల్సింది అదే. ఆరోజు సాఫ్టెనర్ వెయ్యకండి. సెమీ ఆటోమేటిక్ ఉన్నవాళ్లు చివరిసారి జాడించే టబ్బు నీళ్లలో కలిపి, ఐదు నిమిషాలు తిప్పి, స్పిన్నర్లో వెయ్యాలి. పౌడర్ వేసేటప్పుడే వెనిగర్ కూడా పోసేస్తే రెండూ దండగ. పౌడర్ పనిచేసేది క్షారంతో, దాన్ని ఈ ఆమ్లం చంపేస్తుంది. సబ్బు బిళ్లతో రుద్దిన బట్ట అయితే ఇంకా ఇబ్బంది, అసలు సబ్బు ఆమ్లంలో విరిగి జిడ్డు పదార్థంగా మారి బట్టకే అంటుకుంటుంది. కాబట్టి సబ్బు పూర్తిగా జాడించేశాకే వెనిగర్.

వంటసోడా కలపమన్న సలహాని పక్కన పెట్టండి. వెనిగర్, సోడా కలిస్తే బుస్సుమని పొంగుతుంది, చూడ్డానికి ఏదో గట్టి పని జరుగుతున్నట్టు ఉంటుంది. జరిగేది ఏంటంటే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు మిగులుతాయి. దానితో బట్టకు ఉపయోగం లేదు. సింకు పైపులో ఆ పొంగుకు ఏమైనా పని ఉందేమో గానీ బట్టల్లో లేదు.

వాసన గురించి భయపడకండి. తీసిన వెంటనే కొంచెం ఘాటు ఉంటుంది, ఎసిటిక్ ఆమ్లం ఆవిరైపోయే రకం కాబట్టి ఆరేసరికి పోతుంది. ఆరాక కూడా వాసన ఉందంటే ఎక్కువ పోశారని.

ఇప్పుడు చెప్పేది దయచేసి ఇంట్లో పనికి వచ్చే అమ్మాయికి కూడా చెప్పండి, వీలైతే ఆమె చేతే సీసాలు వేరువేరు అరల్లో పెట్టించండి. తెల్లబట్టలకు వేసే బ్లీచ్ ద్రవం, ఆలా లాంటిది, సోడియం హైపోక్లోరైట్. సంపు శుభ్రం చేసేటప్పుడు వాడే బ్లీచింగ్ పౌడర్ కూడా అదే జాతి. వీటికి ఏ ఆమ్లం తగిలినా, వెనిగర్ అయినా, నిమ్మ ఉప్పు అయినా, బాత్‌రూమ్ యాసిడ్ అయినా, క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలి కంటే బరువైనది, కింద పేరుకుంటుంది. మన ఫ్లాట్లలో మెషిన్ పెట్టేది చిన్న యుటిలిటీ బాల్కనీలోనో, బాత్‌రూమ్‌లోనో. కిటికీ మూసి ఉన్న బాత్‌రూమ్‌లో ఇది ప్రాణం మీదకి తెస్తుంది. కళ్లు మండడం, గొంతు పట్టేయడం, దగ్గు ఆగకపోవడం మొదటి లక్షణాలు. ఉబ్బసం ఉన్నవాళ్లకు కొంచెమే చాలు. ఒకవేళ పొరపాటున కలిస్తే బకెట్ మీదకి వంగి నీళ్లు పొయ్యడానికి ప్రయత్నించకండి. ముందు బయటికి వచ్చెయ్యండి, తలుపులు తెరిచి పెట్టండి, మనుషులందరినీ గాలి వచ్చే చోటికి తీసుకెళ్లండి. ఊపిరి ఇబ్బందిగా ఉంటే 108కి ఫోన్ చెయ్యండి. తెల్లబట్టలకు బ్లీచ్ వేసిన రోజు వెనిగర్ ముట్టుకోవద్దు. వేరే రోజు వాడండి. ఆక్సిజన్ బ్లీచ్ అని వచ్చే మరకల పౌడర్లలో క్లోరిన్ ఉండదు, కానీ వాటినీ వెనిగర్‌తో కలిపి నానబెట్టొద్దు.

వానాకాలం వాసన సంగతి వేరు. బట్టలు ఉతికాక తడిగా ఎక్కువసేపు ఉంటే వాటిలోని బ్యాక్టీరియా పెరిగి వచ్చే వాసన అది. జూలై, ఆగస్టుల్లో బాల్కనీ దండెం మీద జీన్స్ రెండో రోజుకి కూడా ఆరవు కదా. జాడింపులో పోసిన వెనిగర్ అంత నీళ్లలో పలచబడిపోయాక బ్యాక్టీరియాను చంపేంత బలం దానికి ఉండదు, వాసనను కొంచెం అణుస్తుంది, అంతే. రెండు రోజులకి ఒంటి చెమట తగలగానే మళ్లీ లేస్తుంది. దీనికి మందు వేడి: కాటన్ టవళ్లు, దుప్పట్లు, బనియన్లు 60 డిగ్రీల ప్రోగ్రామ్‌లో ఉతకండి. మెషిన్ ఆగిన వెంటనే తీసి ఆరెయ్యండి, పొద్దున వేసి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక తియ్యడం ఆపాలి. ఇంట్లోనే ఆరేస్తే ఫ్యాన్ కింద, బట్టకి బట్టకి మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంచి. తలదిండు గలీబుల్లో, తల తుడుచుకునే టవళ్లలో వచ్చే వాసన చాలాసార్లు తలనూనె చెడిపోయి వచ్చేది. నూనెను వెనిగర్ ఏమీ చెయ్యలేదు. వేడి నీళ్లు, పౌడర్‌తో పాటు చెంచాడు వాషింగ్ సోడా వేసి అరగంట నానబెట్టాలి. ఆవకాయ నూనె మరకకూ అంతే. ముందు ఒక చుక్క గిన్నెల లిక్విడ్ మరక మీద వేసి రుద్ది వదలండి.

పసుపు మరక మాత్రం వినండి, ఇందులో తమాషా ఉంది. తెల్ల చొక్కా మీద పప్పుచారు పడితే సబ్బు పెట్టగానే మరక ఎర్రబడుతుంది, భయపడి ఇంకా రుద్దుతారు. పసుపులో ఉండే కర్కుమిన్ క్షారంలో ఎర్రగా, ఆమ్లంలో పసుపుగా ఉంటుంది. వెనిగర్ పోస్తే ఎరుపు పోయి పసుపు తిరిగొస్తుంది, మరక తగ్గిందని అనిపిస్తుంది. తగ్గలేదు, రంగు మారింది. కర్కుమిన్‌ని నిజంగా చెరిపేది ఎండ. మామూలుగా ఉతికి, మరక ఉన్న వైపు పైకి వచ్చేలా ఎండలో వెయ్యండి. హైదరాబాద్ ఎండ ఒకటి రెండు పూటల్లో చాలావరకు తినేస్తుంది. చెమట పట్టే చోట చంకల దగ్గర డియోడరెంట్ వల్ల గట్టిపడిన మరకలకైతే వెనిగర్ పనికొస్తుంది. వాటిలో అల్యూమినియం లవణాలు ఉంటాయి. సగం నీళ్లు, సగం వెనిగర్ కలిపి ఆ చోట మాత్రం తడిపి అరగంట ఉంచి ఉతకండి, రంగు బట్ట అయితే లోపలి కుట్టు దగ్గర ముందు చూసుకుని.

రంగు నిలవడానికి కొత్త కాటన్ బట్టల్ని వెనిగర్‌లో, ఉప్పులో నానబెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. వెనిగర్ లాంటి ఆమ్లంతో రంగు పట్టించేది ఉన్నికి, పట్టుకి, అదీ రంగు వేసేటప్పుడు. ఈ రోజుల్లో కాటన్‌కి ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులు క్షారంలో పట్టేవి, వాటిని వెనిగర్ కొత్తగా నిలపలేదు. కొత్త బట్టలో వదులుగా ఉన్న రంగు పోయేదాకా పోనివ్వాలి, మొదటి మూడు నాలుగు ఉతుకులు విడిగా చన్నీళ్లలో ఉతకడమే దారి. కలంకారీకి మాత్రం వెనిగర్ గానీ నిమ్మకాయ గానీ దగ్గరికి కూడా రానివ్వకండి. చేతి కలంకారీలో నలుపు ఇనుప ముక్కలు, బెల్లం కలిపి ఊరబెట్టిన కషాయంతో, కరక్కాయ పట్టించిన బట్ట మీద వస్తుంది. ఆమ్లం తగిలితే ఆ ఇనుము కరిగి నలుపు వెలిసిపోతుంది. ఒక్క చుక్క పడినా ఆ చోట మచ్చ.

పట్టుచీర. పట్టుకి క్షారం పడదు, కొంచెం ఆమ్లం పడుతుంది, అద్దకం వాళ్లు పట్టును పలచటి ఎసిటిక్ ఆమ్లంలో జాడించేది అందుకే. దానితో పట్టు గరగరలాడుతుంది. ఆ లెక్కన జరీ లేని సాదా పట్టు బ్లౌజ్‌కి బకెట్ చన్నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ చివరి జాడింపులో వెయ్యొచ్చు. కానీ మీ పెళ్లి చీరకి జరీ ఉంటుంది. అసలు జరీ లోపల వెండి, రాగి ఉంటాయి. రాగికి ఎసిటిక్ ఆమ్లం, గాలి తగిలితే పచ్చగా చిలుము పడుతుంది. పైన బంగారు పూత పలచబడిన పాత జరీ అయితే చిలుము ఇంకా తొందరగా పట్టుకుంటుంది. గద్వాల్ చీరల్లో ఒళ్లు కాటన్, అంచు పట్టు, జరీ, ఒకే చీరలో మూడు స్వభావాలు. అలాంటివి ఇంట్లో తడపొద్దు. మరక పడితే పొడి గుడ్డతో అద్ది, రుద్దకుండా, డ్రై క్లీనింగ్‌కి ఇచ్చి, ఏ మరకో ఎప్పుడు పడిందో చెప్పండి. ఏ మరకో తెలియకపోతే మేము ఊహించి మందు వెయ్యాలి, అది చీరకి మంచిది కాదు. ఇంట్లో ఉతుక్కునే తేలికపాటి పట్టుకి కుంకుడుకాయ రసం ఇప్పటికీ నాకు తెలిసిన అన్నింటికంటే మెత్తనిది. స్వతహాగా కొంచెం ఆమ్లమే, గట్టి నీళ్లలో తెట్టు కూడా కట్టదు.

మీ మెకానిక్ చెప్పింది పూర్తిగా తీసిపారేసే మాట కాదు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు, లోపలి పైపులు అన్ని మెషిన్లలో ఒకే రకం కావు. కొన్ని రబ్బర్లు పలచటి ఆమ్లాన్ని బాగా తట్టుకుంటాయి, కొన్ని తరచూ తగిలితే మెత్తబడతాయి. వెనిగర్ వద్దని చెప్పే కంపెనీలూ ఉన్నాయి, కాబట్టి మీ మెషిన్ మాన్యువల్ తీసి చూడండి, అందులో వద్దని ఉంటే బకెట్లోనే వాడుకోండి. వద్దని లేకపోతే వారానికి ఒకటి రెండు లోడ్లలో 100 మిల్లీలీటర్ల చొప్పున జాడింపు నీళ్లలో కలిసేది పెద్ద ప్రమాదం కాదు. ప్రమాదం ఎక్కడంటే, ఖాళీ డ్రమ్‌లో సీసా వెనిగర్ కుమ్మరించి రాత్రంతా వదిలెయ్యడంలో. ఫ్రంట్ లోడ్ డ్రమ్ స్టీలే అయినా దాన్ని వెనక పట్టుకుని ఉండే మూడు కాళ్ల చట్రం మామూలుగా అల్యూమినియం మిశ్రమం. దానికి ఆమ్లమూ పడదు, క్షారమూ పడదు.

మెషిన్ లోపలి గారె తియ్యడానికి వెనిగర్ కంటే నిమ్మ ఉప్పు మంచిది. అదే సిట్రిక్ యాసిడ్. కిరాణాలో చిన్న ప్యాకెట్లు ఉంటాయి, బేగంబజార్‌లో కిలో లెక్కన చవగ్గా దొరుకుతుంది. బలం చూస్తే ఒక చెంచా, అంటే సుమారు 5 గ్రాముల నిమ్మ ఉప్పు, 100 మిల్లీలీటర్ల వెనిగర్‌తో సమానం. కంపెనీ డీస్కేలింగ్ పౌడర్ ఏమిటో మాన్యువల్‌లో చెప్పి ఉంటే దానికే మొగ్గండి. లేదంటే 100 గ్రాముల నిమ్మ ఉప్పు ఖాళీ డ్రమ్‌లో వేసి 60 డిగ్రీల కాటన్ ప్రోగ్రామ్ నడపండి, అయిపోయాక ఒక రిన్స్ అదనంగా. మీ నీళ్లకైతే రెండు మూడు నెలలకొకసారి చాలు. ఫ్రంట్ లోడ్‌లో నీళ్లు వేడి చేసే రాడ్ మీద గారె కడితే కరెంటు ఎక్కువ తాగుతుంది, చివరికి రాడ్ పోతుంది. నిమ్మ ఉప్పునే బట్టల జాడింపుకి కూడా వాడొచ్చు కదా అంటే వాడొచ్చు, కానీ అది వెనిగర్‌లా ఆవిరైపోదు. ఎక్కువై బట్టలో మిగిలితే ఇస్త్రీ వేడికి తెల్లబట్ట పసుపెక్కవచ్చు. బట్టలకు వెనిగర్, మెషిన్‌కు నిమ్మ ఉప్పు అని పెట్టుకోండి.

కొనేది తెల్లటి సింథటిక్ వెనిగర్, సీసా మీద శాతం చూసి. యాపిల్ సైడర్, మాల్ట్ వెనిగర్ రంగున్నవి, బట్టకు అక్కర్లేదు, డబ్బు దండగ. కెమికల్ షాపుల్లో దొరికే గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్ తెచ్చి ఇంట్లో కలుపుకోవడం మాత్రం వద్దు. అది దాదాపు శుద్ధ ఆమ్లం, చర్మం కాలుతుంది, ఆవిరికి కళ్లు మండుతాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. నాలుగు రూపాయలు మిగులుతాయని ఆ సీసా పిల్లలున్న ఇంట్లో పెట్టుకోకూడదు.

లైక్రా లెగ్గింగ్స్, స్పోర్ట్స్ దుస్తులు, సాగే ఎలాస్టిక్ ఉన్న లోదుస్తులు, పిల్లల వాటర్‌ప్రూఫ్ క్లాత్ డైపర్లు వెనిగర్‌లో నానబెట్టకండి. పసిపిల్లల మామూలు కాటన్ బట్టలకు వెనిగర్ కంటే అదనపు రిన్స్ బటన్ ముఖ్యం. పౌడర్ మిగలకపోతే చర్మం ఎర్రబడే గొడవ చాలావరకు ఉండదు.

టవళ్ల విషయంలో ఇంకో మాట. మెత్తదనం కోసం వెనిగర్ ఎంత పోసినా, గాలి లేని చోట కదలకుండా ఆరిన కాటన్ కొంత బిరుసుగానే ఉంటుంది. పోగుల మీద మిగిలే సన్నటి తేమ వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. ఆరేసే ముందు రెండు చేతులతో పట్టుకుని గట్టిగా నాలుగుసార్లు దులపండి, ఆరాక ఇంకోసారి దులపండి. మే నెల ఎండలో మధ్యాహ్నమంతా వదిలెయ్యకుండా కొంచెం గాలి, నీడ తగిలే చోట ఆరెయ్యండి. ఈ దులపడానికి పైసా ఖర్చు లేదు, సగం బిరుసు దీంతోనే పోతుంది.

చివరగా మీ అపార్ట్‌మెంట్‌లో నీళ్ల గట్టిదనం తగ్గించే సాఫ్టెనింగ్ ప్లాంట్ ఉందేమో కనుక్కోండి. ఆ వైపు చాలా చోట్ల ఉంటుంది. అందులోని రెజిన్ కాల్షియం, మెగ్నీషియంను పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. అది నిండిపోయాక ఉప్పు నీళ్లతో కడిగి మళ్లీ సిద్ధం చెయ్యాలి, రీజెనరేషన్ అంటారు. ప్లాంట్ చూసుకునే అతను సెలవు పెట్టినా, ఉప్పు బస్తాలు అయిపోయినా ఆ కొన్ని రోజులు గట్టి నీళ్లే ట్యాంకుకి ఎక్కుతాయి. మీ సబ్బు పరీక్ష ఒక వారం ఒకలా, ఇంకో వారం ఇంకోలా వస్తే ఇదే కారణం, అసోసియేషన్ వాళ్లను రీజెనరేషన్ రిజిస్టర్ చూపించమని అడగండి. ప్లాంట్ బాగా నడుస్తూ, సబ్బు నురగ చక్కగా నిలబడుతూ, అయినా టవళ్లు జిడ్డుగా, జారుడుగా ఉంటే మీకు సుద్ద సమస్య లేదు, పౌడర్ ఎక్కువైంది. మెత్తటి నీళ్లలో పౌడర్ సగం చాలు. ఆ ఇంట్లో పౌడర్ తగ్గించి ఒక రిన్స్ పెంచండి, వెనిగర్ కొనక్కర్లేదు.